దాహం మరిచే గుర్రం.. దగ్గరుండి నీళ్లు పట్టాలి

• చెమటతో పాటు ఉప్పూ బయటికి.. అందుకే దప్పిక తెలియదు
• 300 కిలోల గుర్రానికి సెలైన్ ఎక్కించాలంటే 48 సీసాలు
• గొంతులో బలవంతంగా పోస్తే ప్రాణానికే ముప్పు

వికారాబాద్, తాండూరు: వేసవి వస్తే పెళ్లిళ్ల సందడి మొదలవుతుంది. వరుడి ఊరేగింపు కోసం ముస్తాబైన గుర్రాలు పట్టణ వీధుల్లో కనిపించేదీ ఈ కాలంలోనే. బ్యాండు మేళం, దీపాల వేడి, బాణసంచా మోత నడుమ గుర్రం గంటల తరబడి నిలబడుతుంది. చుట్టూ ఉన్న వారందరికీ చల్లని పానీయాలు అందుతాయి. పూసల జీను కింద ఒళ్లంతా తడిసి ముద్దయిన ఆ మూగజీవి చివరిసారి ఎప్పుడు నీళ్లు తాగిందో పట్టించుకునేవారు అరుదు. యజమాని బకెట్టు ముందుంచినా ఒక్కోసారి అది మూతి తిప్పేస్తుంది. "దానికి దాహం లేదు" అనుకుని బకెట్టు తీసేస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఒంట్లో నీరు తగ్గినా గుర్రానికి దాహం తెలియకపోవచ్చు. ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో గుర్రాలు కడుపుశూల, వడదెబ్బల పాలవుతున్నాయి.

తగ్గిన సంఖ్య.. తగ్గిన అనుభవం

వాడి నుంచి వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు రైలుమార్గం 1874లో అందుబాటులోకి వచ్చింది. నిజాం కాలంలో రైలు దిగిన ప్రయాణికులను ఇళ్లకు చేర్చింది టాంగాలే. గుర్రానికి ఎప్పుడు మేత వేయాలి, ఎప్పుడు నీళ్లు పెట్టాలి అన్న పరిజ్ఞానం ఆ రోజుల్లో ఇంటింటి విద్య. ఆటోలు వచ్చాక టాంగాలు కనుమరుగయ్యాయి. దేశవ్యాప్తంగా 2012లో సుమారు 6.25 లక్షలున్న గుర్రాలు, పొట్టి గుర్రాల సంఖ్య 2019 నాటి 20వ పశుగణనలో సుమారు 3.4 లక్షలకు పడిపోయింది. ఏడేళ్లలోనే 45 శాతానికి పైగా తగ్గుదల. గాడిదల సంఖ్య అంతకంటే వేగంగా 61 శాతం క్షీణించి 1.24 లక్షల వద్ద నిలిచింది.

సంఖ్యతో పాటు అనుభవమూ తరిగిపోయింది. ఇప్పుడు గుర్రాన్ని పోషిస్తున్నవారిలో ఊరేగింపులకు అద్దెకిచ్చేవారు, పర్యాటకులకు సవారీ ఏర్పాటు చేసేవారు, సరదాకు పెంచుకునేవారే ఎక్కువ. వీరికి గుర్రం కొత్త. ఆవుకూ గేదెకూ చేసినట్లే దీనికీ చేస్తే సరిపోతుందన్న భావన చాలామందిలో ఉంది. అది సరికాదు.

గుర్రం విషయంలో అజ్ఞానం ఖరీదైనదన్న సంగతి దక్షిణ భారతానికి కొత్త కాదు. 13వ శతాబ్దం చివర ఇటు వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, కోరమండల్ తీరపు రాజులు ఏటా వేల గుర్రాలను అరబ్బు దేశాల నుంచి కొనుగోలు చేసేవారని, సంరక్షణ తెలియక వాటిలో అత్యధికం చనిపోయేవని రాసిపెట్టాడు. సంస్కృతంలో శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం వెలసింది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణాలపై గ్రంథమే రచించాడు. గుర్రానికి ప్రత్యేక శాస్త్రం అవసరమని పెద్దలు ఏనాడో గుర్తించారనడానికి ఇవి నిదర్శనాలు.

రోజుకు ఎన్ని నీళ్లు?

గుర్రం శరీర బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. పని లేకుండా నీడపట్టున ఉన్న గుర్రానికి ప్రతి 100 కిలోల బరువుకు రోజుకు సుమారు 5 లీటర్ల నీరు అవసరం. అంటే 300 కిలోల దేశవాళీ గుర్రానికి 15 లీటర్లు, 450 కిలోల పెద్ద జాతి గుర్రానికి 22 లీటర్లకు పైగా కావాలి. ఎండలో పని చేసేటప్పుడు ఇది రెండింతలు, ఒక్కోసారి మూడింతలు అవుతుంది. పాలిచ్చే ఆడగుర్రానికి మామూలు కంటే సగం నుంచి మూడొంతుల వరకు అదనంగా కావలసి ఉంటుంది.

మేతను బట్టి కూడా లెక్క మారుతుంది. పచ్చగడ్డిలో 70 నుంచి 80 శాతం నీరే ఉంటుంది. దానిపై మేసే గుర్రం బకెట్టు వైపు తక్కువగా చూస్తుంది. అదే ఎండుగడ్డి, జొన్న చొప్ప, పొట్టు మీద బతికే గుర్రానికి ప్రతి కిలో ఎండు మేతకు 2 నుంచి 4 లీటర్ల నీరు అవసరం. తాండూరు ప్రాంతం కందికి పెట్టింది పేరు. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పప్పు మిల్లుల నుంచి వచ్చే పొట్టు, పొలాల్లో మిగిలే కంది భూసా పశువుల మేతగా చౌకగా దొరుకుతాయి. వీటిని గుర్రానికి పొడిగా పెట్టి, నీళ్లు అరకొరగా పోస్తే పేగుల్లో మేత గట్టిపడి అడ్డం పడుతుంది. దాన్నే వైద్యులు మలబంధపు శూల అంటారు. వెనుకటి తరం వారు ఉలవలను నానబెట్టి, ఉడికించి గుగ్గిళ్లుగానే గుర్రానికి పెట్టేవారు. మేతతో పాటు నీరు లోపలికి వెళ్లే మార్గం అది.

దాహం ఎందుకు వేయదు?

మనిషి చెమటలో ఉప్పు రక్తంలో ఉన్నదాని కంటే తక్కువ. చెమట పట్టినప్పుడు మన ఒంట్లోంచి నీరు ఎక్కువగా, ఉప్పు తక్కువగా పోతుంది. దాంతో రక్తం చిక్కబడి ఉప్పదనం పెరుగుతుంది. మెదడు దాన్ని పసిగట్టి దాహం పుట్టిస్తుంది.

గుర్రం విషయం వేరు. దాని చెమటలో సోడియం, పొటాషియం, క్లోరైడు లవణాలు రక్తంతో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉంటాయి. నీరూ ఉప్పూ కలిసే పోవడంతో రక్తంలో ఉప్పదనం పెరగదు. నీరు తగ్గినా మెదడుకు కబురు అందదు. ఎండలో తీవ్రంగా శ్రమించే పెద్ద గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట కోల్పోగలదు. ఇంత పోయాక కూడా అది బకెట్టు ముందు నిర్లిప్తంగా నిలబడవచ్చు. జీను కింద, మెడ మీద తెల్లని నురగ కడితే చెమట బాగా పట్టిందని అర్థం. గుర్రపు చెమటలోని లాథరిన్ అనే మాంసకృత్తి వల్లే ఆ నురగ వస్తుంది.

దీనికి పరిష్కారమూ ఉప్పులోనే ఉంది. సుదూర పరుగు తర్వాత గుర్రాలకు మొదటి విడతగా లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని ఇస్తే, ఆ తర్వాత అవి మంచినీళ్లు కూడా ఎక్కువగా తాగాయని అమెరికాలోని మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించారు. ఒంట్లోకి ఉప్పు చేరగానే మెదడు మళ్లీ దాహాన్ని గుర్తుచేస్తుందన్నమాట. ఇంట్లో దీన్ని పాటించడం సులువే. పని ముగిశాక రెండు బకెట్లు పక్కపక్కన పెట్టాలి. ఒకదానిలో 10 లీటర్ల నీటికి 90 గ్రాముల ఉప్పు కలపాలి. మరొకదానిలో మంచినీళ్లు ఉండాలి. ఏది తాగాలో గుర్రమే తేల్చుకుంటుంది. ఉప్పునీళ్లు ఒక్కటే పెట్టి మంచినీళ్లు లేకుండా చేయరాదు.

మామూలు రోజుల్లో 300 కిలోల గుర్రానికి 15 గ్రాముల ఉప్పు దాణాలో కలిపితే చాలు. చెమట బాగా పట్టిన రోజుల్లో దాన్ని రెండు మూడు రెట్లు చేయవచ్చు. ఉప్పు గడ్డను సాలలో వేలాడదీసినా మంచిదే. అయితే కొన్ని గుర్రాలు దాన్ని తగినంతగా నాకవు. దాణాలో కలపడమే నమ్మకమైన పద్ధతి.

"వేడి మీద నీళ్లు పెట్టొద్దు" నిజమేనా?

పరుగెత్తి వచ్చిన గుర్రానికి వెంటనే నీళ్లు పెడితే శూల వస్తుందని, ఒళ్లు చల్లారే వరకు ఆపాలని పల్లెల్లోనూ పట్టణాల్లోనూ బలమైన నమ్మకం ఉంది. చాలామంది గంట, రెండు గంటల పాటు బకెట్టు దూరంగా ఉంచుతారు. ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. శ్రమ ముగిసిన మొదటి కొద్ది నిమిషాల్లోనే గుర్రం బాగా తాగుతుంది. ఆ సమయం దాటితే ఆసక్తి సన్నగిల్లుతుంది. కాబట్టి పని ఆగగానే నీళ్లు అందించాలి. మరీ చల్లని ఫ్రిజ్ నీళ్ల కంటే 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండే నీటిని అలసిన గుర్రాలు ఇష్టంగా తాగుతాయని పరిశోధనల్లో తేలింది. నీడలో ఉంచిన కుండ నీళ్లు, తొట్టి నీళ్లు ఇందుకు సరిపోతాయి.

వేడి ఒంటిపై చల్లని నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్నది మరో అపోహ. 1996లో అమెరికాలోని అట్లాంటాలో ఒలింపిక్స్ జరిగినప్పుడు అక్కడి ఉక్కపోతను గుర్రాలు తట్టుకోగలవా అన్న ఆందోళనతో శాస్త్రవేత్తలు ముందుగానే విస్తృత ప్రయోగాలు చేశారు. చల్లని నీటిని ఒళ్లంతా ధారగా, మళ్లీమళ్లీ పోయడమే ఒంటి వేడిని త్వరగా దించే మార్గమని అప్పుడే రుజువైంది. కండరాలకు హాని కలగలేదు. వడదెబ్బ తగిలిన గుర్రానికి తడి గుడ్డ కప్పి ఊరుకోవడం తప్పు. గుడ్డ కాసేపటికే వేడెక్కి ఆవిరిని బయటికి పోనివ్వదు. నీళ్లు పోస్తూనే ఉండాలి. గాలి తగలనివ్వాలి.

లక్షణాలు గుర్తించేదెలా?

నీరు ఎంత తగ్గిందో చెప్పడానికి యంత్రాలు అక్కర్లేదు. కళ్లు, వేళ్లు చాలు.

చర్మం: మెడ పక్కన లేదా భుజం ముందు భాగంలో చర్మాన్ని చిటికెతో పట్టి వదలాలి. ఆరోగ్యంగా ఉంటే వెంటనే సర్దుకుంటుంది. సర్దుకోవడానికి 2, 3 సెకన్లు పడితే నీరు తగ్గిందని అర్థం. అంతకు మించితే పరిస్థితి తీవ్రం. ముసలి గుర్రాల్లో, బాగా చిక్కిన వాటిలో చర్మం సహజంగానే సాగి ఉంటుంది కనుక ఈ ఒక్క పరీక్షను నమ్ముకోరాదు.

చిగుళ్లు: పైపెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో, తడిగా మెరవాలి. వేలికి జిగటగా తగిలితే నీరు తగ్గినట్టే. చిగురును బొటనవేలితో నొక్కి తీస్తే తెల్లబడిన చోట 2 సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ మందగించిందని గ్రహించాలి.

నాడి: కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్లు ఆనిస్తే నాడి తెలుస్తుంది. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించాలి. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 వరకు ఉండడం సహజం. విశ్రాంతి తర్వాత కూడా 60 దాటి ఉంటే వైద్యుడిని పిలవాల్సిందే.

లద్దె, మూత్రం: లద్దె ఉండలు చిన్నవై, గట్టిపడి, పొడిగా ఉంటే నీళ్లు చాలడం లేదు. మూత్రం తగ్గి చిక్కబడుతుంది. శ్రమ తర్వాత మూత్రం కాఫీ రంగులోకి మారి, నడుము కండరాలు బిగుసుకుంటే గుర్రాన్ని ఒక్క అడుగు కూడా నడిపించరాదు. కండరాలు దెబ్బతిన్నాయనడానికి అది సూచన.

ఉష్ణోగ్రత: మలద్వారం వద్ద థర్మామీటరుతో చూస్తే 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ మామూలు. విశ్రాంతి ఇచ్చినా 40 డిగ్రీలకు దిగకపోతే ప్రమాదం. ఉక్కగా ఉన్నా చెమట పట్టక, ఒళ్లు కాలుతూ, రొప్పుతుంటే మరీ ప్రమాదం.

డొక్కలు: గుండె కొట్టుకునే లయలోనే డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే చెమటతో కాల్షియం తదితర లవణాలు బాగా పోయాయని తెలుసుకోవాలి.

బరువులో 5 శాతం మేర నీరు పోయేదాకా పైకి ఏ లక్షణమూ స్పష్టంగా కనిపించదు. 8 నుంచి 10 శాతం పోతే నాడి వేగం, చిగుళ్ల పొడిదనం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 12 శాతానికి చేరితే కళ్లు గుంటలు పడి, చెవులు, కాళ్లు చల్లబడతాయి. అప్పుడు గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం.

సెలైన్ లెక్క ఇదీ..

"రెండు సీసాలు గ్లూకోజు ఎక్కించండి డాక్టరుగారూ" అని యజమానులు అడగడం పరిపాటి. మనిషికి రెండు సీసాలతో ఊరట కలగవచ్చు. గుర్రానికి అది గుక్కెడు నీళ్లతో సమానం. లెక్క వేసి చూస్తే విషయం తేలుతుంది.

ముందుగా బరువు తెలియాలి. తూకం లేని చోట టేపు చాలు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజం కొన నుంచి పిరుదు కొన వరకు పొడవు సెంటీమీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 150 అయితే బరువు సుమారు 284 కిలోలు.

ఇప్పుడు 300 కిలోల గుర్రం 8 శాతం నీరు కోల్పోయిందనుకుందాం. లోటు 24 లీటర్లు. మందుల దుకాణంలో దొరికే అర లీటరు సీసాలైతే 48 కావాలి. ఆ రోజుకు మామూలు అవసరం కిలోకు 50 మిల్లీలీటర్ల చొప్పున మరో 15 లీటర్లు. విరేచనాలో, చెమటో కొనసాగుతుంటే అదీ కలపాలి. మొత్తం 39 లీటర్లు దాటుతుంది. అందుకే గుర్రాల ఆసుపత్రుల్లో 5 లీటర్ల సంచులు, లావుపాటి గొట్టాలు వాడతారు. మెడలోని పెద్ద సిరకు 14 గేజి లేదా అంతకంటే లావు సూదిగొట్టం అమర్చి, శుభ్రత పాటిస్తూ ద్రవాలను పంపుతారు. లోటులో ఎక్కువ భాగాన్ని మొదటి కొన్ని గంటల్లోనే భర్తీ చేసి, మిగిలినది రోజంతా నెమ్మదిగా ఇస్తారు.

ఏ ద్రవం ఇవ్వాలన్నదీ ముఖ్యమే. రింగర్ లాక్టేట్ వంటి ద్రవంలో లవణాలు రక్తానికి దగ్గరగా ఉంటాయి కనుక సాధారణంగా దానికే మొగ్గు చూపుతారు. 5 శాతం గ్లూకోజు ద్రవంలో లవణాలు ఉండవు. చక్కెర ఖర్చు కాగానే మిగిలేది వట్టి నీరే. రక్తప్రసరణ నిలబెట్టడానికి అది పనికిరాదు. గుర్రం కుప్పకూలే స్థితిలో ఉంటే 7.2 శాతం గాఢ ఉప్పు ద్రవాన్ని కిలోకు 4 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 300 కిలోలకు 1.2 లీటర్లు ఇస్తారు. అది కణజాలంలోని నీటిని రక్తనాళాల్లోకి లాగి కొంత వ్యవధిని సంపాదించి పెడుతుంది. ఆ నీటిని కణజాలానికి తిరిగి ఇవ్వాలి కనుక వెంటనే మామూలు ద్రవాలు పుష్కలంగా అందించాలి. ఇవి వైద్యుడి చేతిలో ఉండవలసిన పనులు. కాల్షియంను సిరలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదముంది. శుభ్రత లోపిస్తే సిర వాచి పూడుకుపోతుంది.

ముక్కు గొట్టమే చౌక మార్గం

అన్ని సందర్భాల్లోనూ సిరలోకే ఎక్కించాల్సిన అవసరం లేదు. పేగులు పని చేస్తున్నంత కాలం ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి గొట్టం వేసి నీరు, లవణాలు ఇవ్వడం చౌక, సులభం. మలబంధపు శూలలో సిరలోకి ఇచ్చే ద్రవాల కంటే ఈ పద్ధతిలోనే పెద్దపేగులోని గట్టిపడిన మేత బాగా నానుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పంచాయతీ కుళాయి నీళ్లు, కొలిచి కలిపిన లవణాలతో పని జరుగుతుంది కాబట్టి ఖర్చు తక్కువ.

దీనికీ హద్దులున్నాయి. గుర్రపు జీర్ణాశయం దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. పెద్ద జాతి గుర్రానికైనా ఒక విడతలో 6 నుంచి 8 లీటర్లు మించరాదు. 300 కిలోల దానికి 4, 5 లీటర్లు చాలు. గంట, రెండు గంటల విరామంతో మళ్లీ ఇవ్వాలి. మరో ముఖ్య విషయం, గుర్రం వాంతి చేసుకోలేదు. దాని జీర్ణాశయం ముఖద్వారం అంత బిగువుగా ఉంటుంది. లోపల ద్రవం నిండిపోతే బయటికి వచ్చే దారి లేక జీర్ణాశయం పగిలిపోగలదు. కాబట్టి గొట్టం వేసిన వైద్యుడు ముందుగా లోపల ద్రవం నిలిచి ఉందేమో బయటికి తీసి చూస్తాడు. నిలిచి ఉంటే ఆ మార్గం మూసుకున్నట్టే. అప్పుడు సిర ఒక్కటే శరణ్యం.

వెదురు గొట్టంతో పోయొద్దు

పశువులకు వెదురు గొట్టంతోనో, సీసాతోనో తల పైకెత్తి మందు పోయడం పల్లెల్లో అలవాటు. గుర్రానికి ఇలా నూనె, మజ్జిగ, ఉప్పునీళ్లు పోస్తే అవి గొంతు తప్పి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఆ తర్వాత వచ్చే న్యుమోనియాతో శూల తగ్గినా గుర్రం దక్కకపోవచ్చు. ముక్కు గొట్టాన్ని కూడా శిక్షణ లేనివారు వేయరాదు. అది అన్నవాహికకు బదులు శ్వాసనాళంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. వైద్యుడు వచ్చేలోపు యజమాని చేయగలిగింది నీడకు చేర్చడం, జీను విప్పడం, ఒంటిపై నీళ్లు పోయడం, తాగితే నీళ్లు అందించడం, మేత ఆపడం. అంతే.

మనుషుల నుంచే మొదలు

ద్రవ చికిత్స చరిత్ర కలరాతో ముడిపడింది. 1832లో స్కాట్లాండ్ వైద్యుడు థామస్ లాట్టా కలరా రోగుల సిరల్లోకి ఉప్పునీటిని ఎక్కించి కొందరి ప్రాణాలు నిలిపాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడారు. సీసాలు లేనప్పుడు నోటి ద్వారా ఇచ్చే నీరే మందు అయింది. గుర్రాల వైద్యంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పేగు పని చేస్తుంటే ముందుగా దాన్నే నమ్ముకోవాలి.

తొట్టి ఎలా ఉండాలి?

అనంతగిరి కొండల్లో మూసీ, కాగ్నా నదులు పుడతాయి. అయినా వేసవిలో ఆ నదులు ఎండిపోతే పశువులకు బోరు నీళ్లే ఆధారం. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 3,000 మిల్లీగ్రాముల లోపు ఉంటే గుర్రాలు సాధారణంగా తట్టుకుంటాయి. రుచి మారితే మాత్రం ముట్టవు. కొత్త ఊరికి తీసుకెళ్లినప్పుడు అలవాటైన నీళ్లు క్యానులో వెంట తీసుకెళ్లడం మంచిది. లేదా కొన్ని రోజుల ముందు నుంచే నీటిలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేసి, కొత్త చోటా అలాగే కలిపి ఇస్తే తేడా తెలియక తాగుతాయి.

తాండూరు నాపరాళ్లతో కట్టిన తొట్టి శుభ్రం చేయడానికి అనువు. కానీ బండ ఎండకు కాగితే నీళ్లూ కాగుతాయి. తొట్టిని నీడలో కట్టుకోవాలి. పాచి పట్టకుండా వారానికోసారైనా రుద్ది కడగాలి. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంటే గుర్రం ఎంత తాగిందో తెలియదు. వేసవిలో బకెట్లతో కొలిచి పోస్తే లోటు ఆ రోజే బయటపడుతుంది. గాడిదలు దాహాన్ని గుర్రాల కంటే ఎక్కువగా ఓర్చుకుంటాయి. ఆ ఓర్పు చూసి నిర్లక్ష్యం చేయరాదు. అవి బాధను పైకి చూపించే సరికి పరిస్థితి చేయి దాటుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో బండి లాగే, బరువు మోసే పశువులకు ప్రత్యేక నిబంధనలు రూపొందాయి. వాటి ప్రకారం పశువుతో రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా 5 గంటలు దాటరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు మించే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు అసలు పని చేయించరాదు. మే నెలలో తాండూరులో 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, ఈ నిబంధనను దృష్టిలో ఉంచుకునే బండి కట్టాలి. ఊరేగింపు రాత్రిపూటే అయినా, అక్కడికి గుర్రాన్ని మిట్టమధ్యాహ్నం నడిపించుకుంటూ తీసుకెళితే ఆ శ్రమ కూడా లెక్కలోకే వస్తుంది. అద్దెకు మాట్లాడుకునే పెళ్లివారు బేరంలోనే నీళ్ల విరామం గురించి అడిగితే గుర్రానికీ, దాన్ని నమ్ముకున్న కుటుంబానికీ మేలు.

గుర్తుంచుకోవాల్సినవి

• పని మొదలుపెట్టే ముందు, మధ్యలో, ఆగగానే నీళ్లు చూపించాలి. ఊరేగింపు అయితే గంటకోసారైనా తప్పదు.
• తాగలేదని దాహం లేదనుకోవద్దు. ఉప్పునీళ్ల బకెట్టు, మంచినీళ్ల బకెట్టు పక్కపక్కన పెట్టాలి.
• పొడి మేతను తడిపి పెట్టాలి. ఉలవలు నానబెట్టి ఉడికించాలి.
• గుర్రం డొక్కల వైపు చూసుకోవడం, ముందు కాలితో నేల తవ్వడం, పొర్లడం, లద్దె వేయకపోవడం శూల లక్షణాలు. వెంటనే మేత ఆపి వైద్యుడికి కబురు పెట్టాలి.
• నోట్లో ఏదీ బలవంతంగా పోయరాదు.
• వైద్యుడికి ఫోను చేసేటప్పుడు నాడి, ఉష్ణోగ్రత, చివరిసారి ఎప్పుడు ఎన్ని నీళ్లు తాగింది, లద్దె ఎప్పుడు వేసింది, గుర్రం ఉజ్జాయింపు బరువు చెప్పగలగాలి. ఎన్ని లీటర్లు సిద్ధం చేసుకు రావాలో ఆయనకు ముందే తెలుస్తుంది.
• సమీప పశువైద్యశాలకు వెళ్లలేని వారు 1962 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేయవచ్చు. శస్త్రచికిత్స అవసరమయ్యే శూల అయితే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తరలించే విషయం వైద్యుడితో త్వరగా మాట్లాడి తేల్చుకోవాలి. ప్రయాణంలోనూ నీళ్ల క్యాను వెంట ఉండాలి.

ఒక బకెట్టు నీళ్లు, గుప్పెడు ఉప్పు వేళకు అందితే 48 సీసాల సెలైన్ అవసరం రాదు. గుర్రం అడగదు. అడగడం దానికి చేతకాదు. దగ్గరుండి పట్టడం యజమాని వంతు.